తొలి ఊపిరి : నెలలు నిండని శిశువు

బిడ్డ పుట్టే సమయంలో ప్రసవగది వెలుపల నిలిచిన వారందరూ ఒక్క శబ్దం కొరకు ఎదురు చూస్తారు. అది బిడ్డ ఏడ్పు. ఏడ్పు వినబడినదంటే బిడ్డ ఊపిరి పీల్చినదన్నమాట. అంతవరకు తల్లి కడుపులో బిడ్డకు ఊపిరితో పని లేదు. కావలసిన ఆక్సిజన్ మావి ద్వారా తల్లి రక్తంనుండి అందుతూ ఉంటుంది. ఊపిరితిత్తులు గాలితో గాక, తామే స్రవించిన ద్రవంతో నిండి ఉంటవి. బిడ్డ పుట్టిన కొద్ది నిమిషాలలో ఆ ద్రవం తొలగి, ఆ చోటికి గాలి రావలెను. మనిషి జీవితంలో ఇంత త్వరగా జరిగే ఇంత పెద్ద మార్పు మరొకటి లేదని చెప్పవచ్చును.

పుట్టే బిడ్డలలో అధిక సంఖ్యాకులకు ఈ మార్పు సునాయాసంగా జరిగిపోతుంది. కాని నెలలు నిండకముందే పుట్టిన కొందరు శిశువుల విషయంలో అట్లు జరగదు. ఇట్టి శిశువు మొదట ఏడుస్తుంది. చూచేవారికి ధైర్యం కలుగుతుంది. కాని కొద్ది గంటలలోనే ఊపిరి వేగం హెచ్చుతుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ప్రక్కటెముకల నడుమ చర్మం లోనికి గుంటలు పడుతుంది. ఊపిరి విడిచినప్పుడల్లా సన్నని మూలుగు వినవస్తుంది. పెదవులు, గోళ్ళు నీలివర్ణం దాల్చుతవి. 1950 ప్రాంతాలలో ఇట్టి బిడ్డను వెచ్చగా ఉంచి, ఆక్సిజన్ అందించి, కనిపెట్టి ఉండుట తప్ప వైద్యులు చేయగలిగినది లేదు. మూడు రోజులు గడిస్తే బిడ్డ సాధారణంగా కోలుకొనేది. కాని అనేకులకు ఆ మూడు రోజులు గడిచేవి కావు.

ఈ మూడు రోజుల గడువు ఏమిటి? నెలలు నిండిన బిడ్డకు లేని ఈ వ్యాధి నెలలు నిండని బిడ్డకే ఎందుకు వస్తుంది? ఈ ప్రశ్నలకు సమాధానం వైద్య గ్రంథాలలో దొరకలేదు. అది భౌతికశాస్త్ర పాఠంలో దొరికినది. ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా తెలిసిన తలతన్యతయే ఆ పాఠం.

గాజువంటి పొర

ఈ వ్యాధితో మరణించిన శిశువుల ఊపిరితిత్తులను పరీక్షించిన వారికి రెండు సంగతులు కనబడినవి. మొదటిది: ఊపిరితిత్తులు తేలికగా, స్పంజివలె మెత్తగా ఉండక, కాలేయంవలె గట్టిగా, ముదురు ఎరుపుగా ఉన్నవి, వాటిలో గాలి దాదాపు లేదు. రెండవది: సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు వాయునాళాల చివరి భాగాలలో, గోడలకు అంటుకొని, గాజువలె నునుపైన ఒక పొర కనబడినది. ఆ పొర పేరుమీదుగానే వ్యాధికి 'హయలిన్ పొర వ్యాధి' అనే పేరు వచ్చినది. హయలిన్ అనే మాట గాజు అనే అర్థంగల గ్రీకు పదంనుండి పుట్టినది.

కనబడిన దానిమీదనే అందరి దృష్టి నిలిచినది. బిడ్డ పీల్చిన ఉమ్మనీటినుండి ఆ పొర ఏర్పడినదని కొందరు, పాలు ఊపిరితిత్తులలోనికి పోవుటవలన ఏర్పడినదని కొందరు తలచారు. ఆ పొర గాలికి అడ్డుపడుటచేతనే బిడ్డ మరణిస్తున్నదని భావించి, అది ఎక్కడనుండి వచ్చినదో వెదకుతూ సంవత్సరాలు గడిపారు. నిజానికి ఆ పొర వ్యాధికి కారణం కాదు, ఫలితం. దెబ్బతిన్న ఊపిరితిత్తులలోనికి రక్తంనుండి ఊరిన ప్రొటీనులు, చనిపోయిన కణాలు కలిసి గడ్డకట్టగా అది ఏర్పడుతుంది. వ్యాధికి అసలు కారణం అక్కడ ఉన్న వస్తువు కాదు. ఉండవలసి, లేకపోయిన వస్తువు. లేని దానిని సూక్ష్మదర్శిని చూపజాలదు. దానిని కనుగొనుటకు వేరొక మార్గం కావలసివచ్చినది.

నీరు లాగే లాగుడు

వెడల్పైన పళ్ళెంలో నీరు పోసి, నీటిమీద మిరియాల పొడి చల్లి, సబ్బు అంటించిన వ్రేలిని నీటి నడుమ ముంచితే పొడి చటుక్కున అంచులకు చేరుతుంది. ఉపాధ్యాయులు తరగతిలో రెండు నిమిషాలలో చేసి చూపగల ప్రయోగమిది.

నీటి అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకొంటూ ఉంటవి. లోపలి అణువును నలువైపులనుండి ఇతర అణువులు సమానంగా లాగుతవి. ఉపరితలంమీది అణువును ప్రక్కలకు, లోపలికి మాత్రమే లాగుతవి. పైకి లాగేవి లేవు. అందుచేత నీటి ఉపరితలం సాగదీసిన రబ్బరు పొరవలె ఎల్లప్పుడు కుంచించుకొనుటకు ప్రయత్నిస్తుంది. దీనినే తలతన్యత అంటారు. సబ్బు అణువులు నీటి ఉపరితలాన చేరి ఈ లాగుడును తగ్గిస్తవి. పళ్ళెం నడుమ లాగుడు తగ్గుటచేత అంచుల లాగుడు నెగ్గి, పొడిని తనవైపు లాగుకొంటుంది.

ఊపిరితిత్తులకు, దీనికి సంబంధమేమి? వాయునాళం కొమ్మలుగా, రెమ్మలుగా చీలి చీలి, చివరకు ద్రాక్షగుత్తులవంటి సూక్ష్మమైన వాయుకోశాలతో ముగుస్తుంది. పెద్దవారిలో ఇవి సాధారణంగా సుమారు 30 కోట్లు గాని, అంతకు మించి గాని ఉంటవి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో ఐదవవంతు వ్యాసం గలది. రక్తంలోనికి ఆక్సిజన్ ప్రవేశించేది ఇక్కడనే. ప్రతి వాయుకోశపు లోపలి గోడను అతి పలుచని నీటి పొర కప్పి ఉంటుంది. అనగా ప్రతి వాయుకోశం నీటిలోని ఒక గాలిబుడగవంటిది. నీటి పొర కుంచించుకొనుటకు ప్రయత్నిస్తుంది గనుక అది వాయుకోశాన్ని ఎల్లప్పుడు మూసివేయజూస్తూ ఉంటుంది.

చిన్న లెక్క

బుడగను మూసివేయజూచే ఈ పీడనం ఎంత? ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుడు లాప్లాస్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం దీనిని చెప్పుతుంది. తలతన్యతను రెండుతో గుణించి, బుడగ వ్యాసార్ధంతో భాగించవలెను. గాలిలో తేలే సబ్బు బుడగకైతే లోపల ఒకటి, వెలుపల ఒకటి చొప్పున రెండు తలాలు ఉంటవి గనుక నాలుగుతో గుణించవలెను. వాయుకోశానికి ఒకే తలం ఉన్నది.

శరీరపు వేడివద్ద నీటి తలతన్యత సెంటీమీటరుకు సుమారు 70 డైన్లు. నేటి కొలమానంలో ఇది మీటరుకు 70 మిల్లీ న్యూటన్లు, అంకె మారదు. వాయుకోశపు వ్యాసార్ధం 0.005 సెంటీమీటరు అనుకొందాం. 70ని 2తో గుణించి 0.005తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 28,000 డైన్లు వస్తుంది. ఒక సెంటీమీటరు ఎత్తుగల నీటి స్తంభపు పీడనం 980 డైన్లు. కాబట్టి వాయుకోశం మూసికొనకుండ ఉండవలెనంటే సుమారు 29 సెంటీమీటర్ల నీటి స్తంభానికి సమానమైన పీడనం దానిని తెరచి పట్టుకొనవలెను. తలతన్యత 70 బదులు 10 డైన్లే అయినచో, అదే లెక్క చొప్పున 4 సెంటీమీటర్లు చాలును. మొదటి సంఖ్య నెగ్గుటకు శిశువు రొమ్ము కండరాలు చాలవు. రెండవది సులభసాధ్యం.

ఈ సూత్రంలో మరొక చిక్కు కూడా ఉన్నది. భాగించేది వ్యాసార్ధంతో గనుక బుడగ చిన్నదైన కొలది పీడనం హెచ్చుతుంది. ఒక చిన్న సబ్బు బుడగను, ఒక పెద్ద సబ్బు బుడగను ఒక గొట్టంతో కలిపితే, రెండూ సమానమౌతవని పలువురు అనుకొంటారు. జరిగేది దానికి విరుద్ధం. చిన్న బుడగలోని గాలి పెద్ద బుడగలోనికి పోయి, చిన్నది మాయమౌతుంది. ఊపిరితిత్తులలోని వాయుకోశాలన్నీ ఒకదానితో ఒకటి నాళాల ద్వారా కలిసే ఉన్నవి. అన్నీ ఒకే పరిమాణంలో లేవు. అట్లయితే చిన్నవన్నీ మూసికొనిపోయి, గాలి అంతా కొన్ని పెద్దవాటిలోనికే చేరవలె గదా! ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులలో అట్లు ఎందుకు జరగదు?

మరుగున పడిన ప్రయోగం

1929లో వాన్ నీర్‌గార్డ్ అనే వైద్యుడు స్విట్జర్లాండులో ఒక ప్రయోగం చేశాడు. పంది ఊపిరితిత్తులను ఒకమారు గాలితోను, ఒకమారు ద్రవంతోను నింపి, అందుకు కావలసిన పీడనాన్ని కొలిచాడు. ద్రవంతో నింపుటకు చాలా తక్కువ పీడనం సరిపోయినది. ద్రవంతో నింపినప్పుడు గాలికి, నీటికి నడుమ తలమే లేదు. కనుక తలతన్యత లేదు. దీనినిబట్టి ఊపిరితిత్తులు ముడుచుకొనుటలో వాటి సాగుడు గుణంకంటె తలతన్యతకే ఎక్కువ పాత్ర ఉన్నదని అతడు గ్రహించాడు. అంతేగాక నవజాత శిశువు తొలి ఊపిరికి ఇది ఆటంకం కాగలదని కూడా సూచించాడు. ఆ వ్యాసాన్ని పాతిక సంవత్సరాలపాటు ఎవరూ పట్టించుకొనలేదు.

తిరిగి ఈ విషయం వెలుగులోనికి వచ్చుటకు కారణం పిల్లల వైద్యం కాదు, యుద్ధ పరిశోధన. విషవాయువులవలన ఊపిరితిత్తులకు కలిగే హానిని రెండవ ప్రపంచ యుద్ధానంతరం అనేక దేశాలలో పరిశీలించారు. ఇంగ్లండులో ప్యాటిల్ అనే శాస్త్రజ్ఞుడు ఊపిరితిత్తులనుండి వచ్చిన నురుగును పరీక్షించి, 1955లో ఒక వింత సంగతి ప్రకటించాడు. మామూలు నురుగులోని చిన్న బుడగలు త్వరగా కుంచించుకొని మాయమౌతవి. ఊపిరితిత్తుల నురుగులోని బుడగలు గంటల తరబడి చెక్కుచెదరక నిలుస్తున్నవి. అనగా వాటి తలతన్యత దాదాపు శూన్యమై ఉండవలెను.

అమెరికాలో జాన్ క్లెమెంట్స్ దీనిని కొలిచి చూపాడు. ఊపిరితిత్తుల కణజాలంనుండి తీసిన సారాన్ని ఒక తొట్టెలో పోసి, దాని ఉపరితలాన్ని ఒక అడ్డుకమ్మీతో వెడల్పు చేస్తూ, ఇరుకు చేస్తూ, సున్నితమైన త్రాసుతో తలతన్యతను కొలిచాడు. తలం వెడల్పైనప్పుడు తలతన్యత 40 డైన్ల ప్రాంతంలో ఉన్నది. తలం ఇరుకైనప్పుడు 10 డైన్ల ప్రాంతానికి పడిపోయినది. 1957లో ప్రకటించిన ఈ ఫలితం పై ప్రశ్నకు సమాధానమిచ్చినది. ఊపిరితిత్తులలో సబ్బువంటి ఒక పదార్థం ఉన్నది. వాయుకోశం చిన్నదైనకొలది ఆ పదార్థపు అణువులు దగ్గరగా క్రిక్కిరిసి, తలతన్యతను మరింత తగ్గిస్తవి. కనుకనే చిన్న వాయుకోశాలు పెద్దవాటిలోనికి ఖాళీ అయిపోవు. ఈ పదార్థానికి సర్‌ఫాక్టంట్ అని పేరు.

మేరీ ఎలెన్ ఏవరీ

1957లో మేరీ ఎలెన్ ఏవరీ అనే యువ వైద్యురాలు హార్వర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరింది. ఆమె జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో చదివి, 1952లో పట్టం పొందినది. చదువు ముగిసిన వెంటనే ఆమెకు క్షయవ్యాధి సోకినది. తన జబ్బుమూలంగానే ఊపిరితిత్తుల పనిని గురించి ఆమెకు ఆసక్తి హెచ్చినదంటారు. హార్వర్డులో ఆమెకు మార్గదర్శి జెరె మీడ్ అనే శాస్త్రజ్ఞుడు. ఊపిరితిత్తుల యాంత్రిక ధర్మాలలో నిపుణుడు. పగలు ఆమె ప్రసవ వైద్యశాలలోని శిశువులను చూచేది.

హయలిన్ పొర వ్యాధితో మరణించిన శిశువుల ఊపిరితిత్తులలో ఆమె ఒక లోపాన్ని గమనించింది. ఇతర కారణాలతో మరణించిన వారి ఊపిరితిత్తులను కోస్తే నురుగు వస్తుంది. వీరి ఊపిరితిత్తులలో నురుగు లేదు. ఇతరులందరూ అక్కడ ఉన్న పొరను చూస్తూ ఉండగా, ఆమె అక్కడ లేని నురుగును గురించి ఆలోచించింది. క్లెమెంట్స్ పరిశోధనను గురించి తెలిసికొని, అతని వద్దకు పోయి, త్రాసు ఉపయోగించే విధానం నేర్చుకొన్నది. తిరిగి వచ్చి, మరణించిన శిశువుల ఊపిరితిత్తుల సారాన్ని ఆ రీతిగానే పరీక్షించింది.

ఫలితం స్పష్టంగా ఉన్నది. ఇతర కారణాలతో మరణించిన పెద్ద శిశువుల ఊపిరితిత్తుల సారంలో తలతన్యత బాగా పడిపోయినది. హయలిన్ పొర వ్యాధితో మరణించిన వారి సారంలోను, మిక్కిలి చిన్న శిశువుల సారంలోను అంతగా పడిపోలేదు. వారి ఊపిరితిత్తులలో సర్‌ఫాక్టంట్ లేదు. ఉన్నా చాలినంత లేదు. ఏవరీ, మీడ్ కలిసి 1959లో ఈ సంగతి ప్రకటించారు.

దానితో వ్యాధి లక్షణాలన్నింటికి అర్థం దొరికినది. ఆరోగ్యవంతమైన శిశువు తొలి ఊపిరికి మాత్రమే ఎక్కువ శ్రమ పడుతుంది. ఊపిరి విడిచినప్పుడు గాలి అంతా పోక, కొంత నిలిచి ఉంటుంది. కాబట్టి తరువాతి ఊపిరులు తేలిక. సర్‌ఫాక్టంట్ లేని శిశువు ఊపిరి విడిచినప్పుడల్లా వాయుకోశాలు తిరిగి మూసికొనిపోతవి. ప్రతి ఊపిరీ తొలి ఊపిరియే అవుతుంది. నిమిషానికి అరవై సార్లకు మించి ఇట్టి శ్రమ చేయలేక బిడ్డ అలసిపోతుంది.

నెలలు, వారాలు

సర్‌ఫాక్టంట్ నూటికి సుమారు తొంభై వంతులు క్రొవ్వు జాతి పదార్థాలు, మిగిలినది ప్రొటీనులు. క్రొవ్వులలో ముఖ్యమైనవి ఫాస్ఫోలిపిడ్లు. వీటి అణువుకు ఒక తల, రెండు తోకలు ఉన్నవి. తలకు నీరంటే ఇష్టం. తోకలకు నీరు గిట్టదు. అందుచేత అణువులు తల నీటిలోను, తోకలు గాలిలోను ఉండునట్లు తలంమీద బారులు తీరుతవి. ప్రొటీనులు ఈ పొర త్వరగా పరచుకొనుటకు తోడ్పడుతవి. వాయుకోశపు గోడలోని ఒక తరగతి కణాలు దీనిని తయారుచేస్తవి.

గర్భం సుమారు 40 వారాలు. సర్‌ఫాక్టంట్ తయారీ 24వ వారం ప్రాంతంలో ప్రారంభమై, 34, 35 వారాలు వచ్చుసరికి చాలినంత అవుతుంది. కనుక 28వ వారంలో పుట్టిన బిడ్డకంటె 32వ వారంలో పుట్టిన బిడ్డకు, అంతకంటె 35వ వారంలో పుట్టిన బిడ్డకు ఈ వ్యాధి వచ్చే అవకాశం తక్కువ. బిడ్డ పుట్టిన తరువాత తయారీ వేగం హెచ్చుతుంది. రెండు మూడు రోజులలో చాలినంత పోగవుతుంది. మూడు రోజుల గడువుకు అర్థమిదే.

తెలుగు దేశంలో ఒక నమ్మకం వినవస్తుంది. ఏడవ నెలలో పుట్టిన బిడ్డ దక్కుతుంది గాని ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ దక్కదని పెద్దలు అంటూ ఉంటారు. ఇది సరికాదు. కడుపులో గడిపిన ప్రతి వారమూ ఊపిరితిత్తులకు లాభమే గాని నష్టం కాదు.

కారణం తెలిసినది, మందు లేదు

కారణం తెలిసినంత మాత్రాన బిడ్డలు బ్రతకలేదు. 1963 ఆగస్టు 7వ తేదీన అమెరికా అధ్యక్షుడు కెనెడీ దంపతులకు ప్యాట్రిక్ అనే కుమారుడు కలిగాడు. అయిదున్నర వారాలు ముందుగా పుట్టిన ఆ బిడ్డ బరువు సుమారు 2.1 కిలోగ్రాములు. బోస్టను నగరంలోని శిశు వైద్యశాలలో ఆనాటికి తెలిసిన చికిత్సలన్నీ చేశారు. హెచ్చు పీడనంగల ఆక్సిజన్ గదిలో కూడా ఉంచారు. పుట్టిన 39 గంటలకు బిడ్డ మరణించాడు. వ్యాధికి కారణం అదే నగరంలో నాలుగు సంవత్సరాల క్రితమే వెల్లడి అయినది. కాని లేని పదార్థాన్ని బిడ్డకు ఎట్లు అందించవలెనో ఎవరికీ తెలియదు. ఈ మరణం తరువాత లోకం దృష్టి ఈ వ్యాధిమీద పడినది.

1960 తరువాత కొందరు సర్‌ఫాక్టంటులోని ముఖ్యమైన ఫాస్ఫోలిపిడ్డును తుంపరగా చేసి శిశువులచేత పీల్పించి చూచారు. ఆ ప్రయత్నాలు ఫలించలేదు. తుంపరలో కొద్ది భాగమే వాయుకోశాలకు చేరుతుంది. చేరినా, ప్రొటీనుల తోడు లేని ఆ పదార్థం త్వరగా పరచుకొనదు. సర్‌ఫాక్టంట్ లోపమే కారణమన్న సిద్ధాంతాన్నే కొందరు శంకించారు. దోషం సిద్ధాంతంలో లేదు, మందు తయారీలో ఉన్నదని తేలుటకు కాలం పట్టినది.

మూలుగు నేర్పిన ఉపాయం

ఈ లోగా మరొక మార్గం దొరికినది. వ్యాధిగ్రస్తమైన శిశువు ఊపిరి విడిచేటప్పుడు మూలుగుతుందని పైన చెప్పబడినది. అది బాధవలన వచ్చే మూలుగు అని పలువురు తలచేవారు. పరిశీలించగా తెలిసినది వేరు. బిడ్డ గొంతును కొంత మూసి, గాలిని అదిమిపట్టి, మెల్లగా విడుస్తున్నది. గాలి మొత్తం ఒక్కసారి పోకుండ, వాయుకోశాలు మూసికొనకుండ బిడ్డ శరీరం తానే చేసికొన్న ఏర్పాటది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో వైద్య కళాశాలలో జార్జి గ్రెగరీ, ఆయన సహచరులు ఈ సంగతినే ఆధారం చేసికొన్నారు. బిడ్డ ఊపిరి పీల్చినా, విడిచినా ఊపిరితిత్తులలో కొంత పీడనం ఎల్లప్పుడు నిలిచి ఉండునట్లు గాలిని అందించారు. 1971లో వారు ప్రకటించిన నివేదికలో చికిత్స పొందిన 20 మంది శిశువులలో 16 మంది బ్రతికారు. తరువాతి కాలంలో ఈ పద్ధతి మరింత సులభమైనది. బిడ్డ ముక్కునుండి వచ్చే గొట్టపు రెండవ కొనను సీసాలోని నీటిలో 5 సెంటీమీటర్ల లోతున ముంచితే, బిడ్డ ఊపిరితిత్తులలో సుమారు 5 సెంటీమీటర్ల నీటి స్తంభపు పీడనం నిలుస్తుంది. సీసాలో గాలిబుడగలు వస్తున్నంతసేపు పీడనం ఉన్నదన్నమాట. ద్రవపీడన సూత్రానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ విద్యార్థులకు దొరకదు.

గొర్రెపిల్ల చెప్పిన సంగతి

న్యూజీలండులోని ఆక్లండు విశ్వవిద్యాలయంలో ప్రసూతి పరిశోధకుడు గ్రాహం లిగ్గిన్స్ వేరొక ప్రశ్నకు సమాధానం వెదకుతున్నాడు. కాన్పు నొప్పులు ప్రారంభం కావడానికి కారణమేమి అన్నది ఆ ప్రశ్న. గర్భంలోని గొర్రెపిల్లలకు అడ్రినల్ గ్రంథికి సంబంధించిన హార్మోనులను ఎక్కించి చూస్తున్నాడు. బాగా ముందుగా పుట్టిన ఒక గొర్రెపిల్ల బ్రతకదని అనుకొన్నారు. అది ఊపిరి పీలుస్తూ ఉండటం చూచి ఆశ్చర్యపడ్డారు. దాని ఊపిరితిత్తులు కొంతవరకు గాలితో విచ్చుకొని ఉన్నవి. హార్మోను ప్రభావంవలన ఊపిరితిత్తులు వయస్సుకు మించి పక్వమైనవని లిగ్గిన్స్ ఊహించాడు.

రాస్ హవీ అనే శిశు వైద్యునితో కలిసి ఆయన ఈ ఊహను పరీక్షించాడు. ముందుగా కాన్పు కాగల 282 మంది తల్లులను చీట్లు వేసినట్లు యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి అట్టి హార్మోను ఇంజెక్షను ఇచ్చారు. 1972లో ఫలితాలు ప్రకటించారు. మందు పొందని తల్లుల బిడ్డలలో నూటికి 25.8 మందికి ఈ వ్యాధి వచ్చినది. మందు పొందిన వారిలో నూటికి 9 మందికే వచ్చినది. తల్లికి ఇచ్చిన మందు మావి దాటి బిడ్డను చేరి, సర్‌ఫాక్టంటును తయారుచేసే కణాలను త్వరపెట్టినదన్నమాట.

ఇంత చవకైన చికిత్స వెంటనే అందరికి అందవలసినది. కాని అనేక దేశాలలో వైద్యులు సందేహిస్తూ కాలం గడిపారు. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన నిపుణుల సభ దీనిని విస్తృతంగా వాడవలెనని చెప్పినది 1994లో. అప్పటికి ఇరవై రెండు సంవత్సరాలు గడిచినవి.

ఆవు ఊపిరితిత్తులనుండి

సర్‌ఫాక్టంటును నేరుగా అందించే ప్రయత్నం కూడా ఆగిపోలేదు. స్వీడనులో ఎన్‌హార్నింగ్, రాబర్ట్‌సన్ అనే వారు 1972లో నెలలు నిండని కుందేటి పిల్లల శ్వాసనాళంలోనే సహజ సర్‌ఫాక్టంటును పోసి, వాటి ఊపిరితిత్తులు విచ్చుకొనుటను చూపారు. తుంపరకు బదులు ద్రవాన్నే పోయుట, శుద్ధమైన ఒక్క పదార్థానికి బదులు సహజ మిశ్రమాన్ని వాడుట వీరి పద్ధతిలోని విశేషాలు.

జపానులోని అకితా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో తెత్సురో ఫుజివారా ఆవు ఊపిరితిత్తులనుండి సర్‌ఫాక్టంటును తీసి, శుద్ధిచేసి, పది మంది శిశువులకు శ్వాసనాళం ద్వారా ఇచ్చాడు. కొద్ది గంటలలోనే వారికి కావలసిన ఆక్సిజన్ పరిమాణం తగ్గినది. ఎక్స్‌రే చిత్రాలలో అంతకుముందు తెల్లగా మసకబారిన ఊపిరితిత్తులు గాలితో నల్లగా కనబడినవి. 1980లో ఇది ప్రకటితమైన తరువాత అనేక దేశాలలో పరీక్షలు జరిగినవి. క్లెమెంట్స్ రూపొందించిన కృత్రిమ సర్‌ఫాక్టంటుకు 1990లోను, ఆవు ఊపిరితిత్తులనుండి తీసిన దానికి 1991లోను అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చినది. ఏవరీ, మీడ్‌ల వ్యాసంనుండి అప్పటికి ముప్పది సంవత్సరాలు దాటినవి.

మన దేశంలో

2020లో ప్రపంచంలో సుమారు 1 కోటి 34 లక్షల శిశువులు నెలలు నిండకముందే పుట్టారని అంచనా. వారిలో సుమారు 30 లక్షల మంది భారతదేశంలో పుట్టారు. మరే దేశంలోను ఇంత సంఖ్య లేదు. సర్‌ఫాక్టంట్ ఖరీదైనది, దానిని ఇచ్చుటకు శిక్షణ పొందిన వైద్యులు, వసతులు కావలెను. తల్లికి ఇచ్చే ఇంజెక్షను అట్లు కాదు. డెక్సామెథసోన్ అనే చవక మందును పన్నెండు గంటలకు ఒకటి చొప్పున నాలుగు మారులు ఇస్తే చాలును. 24 నుండి 34 వారాల మధ్య కాన్పు నొప్పులు వచ్చిన తల్లికి, పెద్ద ఆసుపత్రికి పంపేముందు మొదటి మోతాదును శిక్షణ పొందిన ఏ.ఎన్.ఎం. కూడా ఇవ్వవచ్చునని 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు వెలువరించినది.

అయితే మంచి మందైనా తగిన చోట, తగిన వేళ వాడవలెను. భారతదేశంతో సహా ఆరు దేశాల గ్రామ ప్రాంతాలలో జరిగి, 2015లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో ఈ మందును విరివిగా ఇచ్చుటవలన చిన్న శిశువుల మరణాలు తగ్గలేదు. మొత్తంమీద శిశు మరణాలు కొంత పెరిగినవి కూడా. గర్భం ఎన్ని వారాలదో సరిగా తెలియకపోవుటచేత, నెలలు నిండి ప్రసవించిన అనేకమంది తల్లులకు కూడా మందు అందినది. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా అయిదు దేశాలలో మరొక పరీక్ష జరిపినది. ఇందులో గర్భపు వారాలను అల్ట్రాసౌండుతో నిర్ణయించి, తగిన సంరక్షణగల ఆసుపత్రులలోనే మందు ఇచ్చారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం మందు పొందని వర్గంలో నూటికి 23.5 మంది శిశువులు నెల లోపల మరణించగా, పొందిన వర్గంలో 19.6 మంది మరణించారు. మందు ఒక్కటే. వాడిన తీరులో భేదమున్నది.

ఈ చికిత్సలన్నింటికి కాలం ముఖ్యం. తల్లికి ఇచ్చిన ఇంజెక్షను పూర్తిగా పనిచేయుటకు సుమారు ఒక దినం పడుతుంది. నెలలు నిండకముందే నొప్పులు గాని, ఉమ్మనీరు పోవుట గాని కనబడినప్పుడు, తగ్గిపోతుందేమో అని ఇంటిలో వేచి ఉంటే ఆ దినం చేజారిపోతుంది. గర్భిణికి మొదటి నెలలలోనే పరీక్ష చేయించి, వారాల లెక్క వ్రాసి ఉంచుకొనుట కూడా ఇందుకే అవసరం. తలతన్యత పాఠం చెప్పే ఉపాధ్యాయుడు మిరియాల పొడి ప్రయోగం చేసి చూపినప్పుడు ఈ రెండు మాటలు కూడా చెప్పితే, అవి విద్యార్థుల ఇండ్లకు చేరుతవి. అక్కడ వాటి అవసరం ఎప్పుడైనా కలుగవచ్చును.